నేటి తార కోసం రేపటి ఆటగాడా?

పేరుమోసిన ఆటగాడి కోసం ఎదుగుతున్న ఆటగాడిని వదులుకోవడం లాభమా, నష్టమా? బేరం కుదిరిన రోజున దీనికి జవాబు దొరకదు. 1987 ఆగస్టులో అమెరికా బేస్‌బాల్ జట్టు డెట్రాయిట్ టైగర్స్, 36 ఏళ్ల పిచర్ డాయిల్ అలెగ్జాండర్ కోసం 20 ఏళ్ల జాన్ స్మోల్ట్జ్‌ను అట్లాంటాకు ఇచ్చివేసింది. అలెగ్జాండర్ టైగర్స్‌కు ఆ సీజన్‌లో 9 విజయాలు అందించినా ఛాంపియన్‌షిప్ దక్కలేదు. స్మోల్ట్జ్ మాత్రం అట్లాంటాకు రెండు దశాబ్దాలు ఆడి, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందాడు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలోని తెలుగువారికి ఇటువంటి ఉదాహరణ చేరువలోనే ఉంది. ఛత్తీస్‌గఢ్ బ్యాట్స్‌మన్ శశాంక్ సింగ్‌ను 2022లో రూ. 20 లక్షలకు తీసుకున్న సన్‌రైజర్స్ హైదరాబాద్ ఒక్క సీజన్‌తోనే విడిచిపెట్టింది. 2024లో అతడు పంజాబ్ తరఫున 354 పరుగులు చేయగా, ఆ జట్టు రూ. 5.5 కోట్లకు అట్టిపెట్టుకుంది. సన్‌రైజర్స్ 2024 వేలంలో రూ. 10 కోట్లకు కొన్న ప్రముఖ బౌలర్ షమీని మరుసటి ఏడాదే లక్నోకు బదలాయించింది.

తారలు అక్కరలేదని కాదు. టైటిల్ అందుబాటులో ఉన్నప్పుడు వారి అనుభవం విలువైనదే. అయితే పేరుకు కోట్లు వెచ్చించే యాజమాన్యాలు, పేరులేని ప్రతిభకు కనీసం రెండు సీజన్ల ఓపికైనా చూపాలి. లేనిపక్షంలో బిలాస్‌పూర్ వంటి పట్టణాల మైదానాలలో సాధన చేసే పిల్లలకు దారి మూసుకుపోతుంది.