కొడుకుల మీద ఫిర్యాదు, రాజు కోసం విన్నపం

2025 మార్చి 9న ఖాట్మండు విమానాశ్రయం బయట వేలాది జనం జెండాలు పట్టుకుని నిలబడ్డారు. 2008లో సింహాసనం కోల్పోయిన మాజీ రాజు జ్ఞానేంద్ర కోసం వారి ఎదురుచూపు. రాజు తిరిగి రావాలి, నేపాల్ మళ్లీ హిందూ రాజ్యం కావాలి అన్నవి వారి నినాదాలు. అదే నెల 28న తీన్‌కునే ప్రాంతంలో జరిగిన అల్లర్లలో ఇద్దరు చనిపోయారు. ఇలాంటి వార్తలు వచ్చినప్పుడల్లా మన విశ్వాసుల్లో కొందరు ఒక ప్రశ్న వేస్తుంటారు. బైబిలుకు సమ్మతమైనది రాజరికమా, ప్రజాస్వామ్యమా? దావీదు రాజే కదా, మన ప్రభువు రాజాధిరాజే కదా అని కూడా అంటారు.

ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే సమూయేలు మొదటి గ్రంథం ఎనిమిదో అధ్యాయం నెమ్మదిగా చదవాలి. ఇశ్రాయేలు పెద్దలు రామాకు వచ్చి రాజును కోరిన సంగతి మనందరికీ తెలుసు. వారెందుకు వచ్చారో మాత్రం త్వరగా దాటేస్తాం. సమూయేలు ముసలివాడయ్యాడు. తన కుమారులు యోవేలు, అబీయాలను న్యాయాధిపతులుగా పెట్టాడు. వారు బెయేర్షెబాలో కూర్చుని లంచాలు తిన్నారు, న్యాయాన్ని తారుమారు చేశారు. పెద్దల ఫిర్యాదు ఇదే. అందులో అబద్ధమేమీ లేదు. దేవుడు కూడా ఆ ఫిర్యాదును కొట్టివేయలేదు.

చిత్రమంతా వారు కోరిన మందులో ఉంది. తండ్రి పదవి కొడుకుల చేతికి వస్తే ఏమవుతుందో చూసి విసిగిపోయినవారు, తండ్రి తర్వాత కొడుకు అన్న సూత్రం మీదే నిలిచే రాజరికాన్ని అడిగారు. ఇద్దరు కొడుకులను వదిలించుకోవడానికి తరతరాల కొడుకులను కోరుకున్నారు.

నేపాల్ కథ తెలిస్తే ఈ అధ్యాయం మరింత బాగా అర్థమవుతుంది. ఆ దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1959లో జరిగాయి. 109 స్థానాల్లో 74 గెలిచి నేపాలీ కాంగ్రెస్ నాయకుడు బి.పి. కొయిరాలా ప్రధాని అయ్యారు. ఏడాదిన్నర గడవగానే, 1960 డిసెంబరులో, రాజు మహేంద్ర ఆ ప్రభుత్వాన్ని రద్దు చేసి ప్రధానిని జైలుకు పంపాడు. పార్టీలను నిషేధించాడు. పార్టీలు దేశాన్ని చీలుస్తాయనీ, ఈ నేలకు తగిన పద్ధతి వేరే ఉందనీ చెప్పి, పార్టీలు లేని పంచాయతీ వ్యవస్థ తెచ్చాడు. అది 30 ఏళ్లు నడిచింది. పార్టీల కొట్లాటలు పోతే బాగుండునని మనలోనూ చాలామంది అనుకుంటాం కదా! అలా పోయిన దేశంలో మిగిలింది ఒక్కడి మాట. 1990 ప్రజా ఉద్యమం తర్వాత రాజు రాజ్యాంగానికి లోబడ్డాడు, పార్లమెంటు వచ్చింది. 2001 జూన్ 1న రాజకుటుంబంలో జరిగిన ఘోరమైన హత్యాకాండ తర్వాత జ్ఞానేంద్ర గద్దెనెక్కాడు. 2005 ఫిబ్రవరి 1న ఆయనా ప్రభుత్వాన్ని తొలగించి అధికారమంతా తన చేతిలోకి తీసుకున్నాడు. మరుసటి ఏడాదే జనం వీధుల్లోకి వచ్చి దించారు. 2008 మే 28న రాజ్యాంగ సభ రాజరికాన్ని రద్దు చేసింది. అనుకూలంగా 560 ఓట్లు, వ్యతిరేకంగా 4.

మరి పార్టీలేం చేశాయి? గణతంత్రం వచ్చాక ఏ ప్రధానీ ఐదేళ్లు నిండా పాలించలేదు. 2015 నుంచి 2025 దాకా పదేళ్లు ఓలీ, ప్రచండ, దేవుబా ముగ్గురే వంతులు వేసుకున్నట్లు ఆ కుర్చీలో కూర్చుని లేచారు. పొత్తులు ఉదయం ఒకలా, సాయంత్రం మరోలా మారాయి. పొలం పనులకు మనుషులు లేక, కొడుకులంతా గల్ఫ్‌కూ మలేసియాకూ కూలికి పోయిన ఇళ్లలో ముసలివాళ్లు రాజు కాలమే నయమనుకుంటే వారిని తప్పు పట్టగలమా? ఐగుప్తులో చేపలూ కీరకాయలూ గుర్తు చేసుకున్న ఇశ్రాయేలీయులూ ఆకలితోనే గుర్తు చేసుకున్నారు.

ఆ ఆకలి 2025 సెప్టెంబరులో మంటయింది. ప్రభుత్వం సామాజిక మాధ్యమాలను నిషేధించడంతో యువకులు రోడ్డెక్కారు. నిషేధం నిప్పురవ్వ మాత్రమే. అంతకుముందే వారి ఫోన్లలో తిరుగుతున్నవి నాయకుల పిల్లల ఫొటోలు: ఖరీదైన బ్యాగులు, కార్లు, విదేశీ విహారాలు. వారికి ‘నెపో కిడ్స్’ అని పేరు పెట్టారు. బెయేర్షెబా మీద వచ్చిన ఫిర్యాదు మళ్లీ వచ్చిందన్నమాట! సెప్టెంబరు 8న పోలీసు కాల్పుల్లో 19 మంది చనిపోయారు. మర్నాడు ప్రధాని ఓలీ రాజీనామా చేశారు. పార్లమెంటు, సింహ దర్బారు, సుప్రీంకోర్టు తగలబడ్డాయి. మొత్తం మృతులు 70 దాటారు. కోర్టును కాల్చిన చేతులను మనం మెచ్చుకోలేం.

అయితే ఆ బూడిద మధ్య జరిగిన ఒక సంగతి మనం గమనించాలి. గద్దె ఖాళీగా ఉంది, మాజీ రాజు నగరంలోనే ఉన్నాడు. ఆ యువకుల్లో అత్యధికులు రాజు దగ్గరికి పోలేదు. ఇంటర్నెట్‌లో చర్చించుకుని మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ పేరు ముందుకు తెచ్చారు. సెప్టెంబరు 12న ఆమె తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు. 2026 మార్చి 5న ఎన్నికలని ప్రకటించారు. కొడుకుల మీద ఫిర్యాదు రామా పెద్దలదే. విన్నపం మాత్రం వేరు. వారు న్యాయం చెప్పే మనిషిని అడిగారు, అదీ కొద్ది నెలలకు.

రాజులున్న ప్రజాస్వామ్యాలన్నీ చెడ్డవని మేము అనడం లేదు. నార్వే, డెన్మార్క్, జపాన్‌లను చూస్తున్నాం. 1981 ఫిబ్రవరిలో సైనికులు స్పెయిన్ పార్లమెంటులో చొరబడినప్పుడు రాజు హువాన్ కార్లోస్ టీవీలో మాట్లాడి ప్రజాస్వామ్యం పక్షాన నిలిచాడు. అదే రాజు డబ్బు వ్యవహారాల మచ్చతో 2020లో దేశం విడిచి వెళ్లాడు కూడా. బ్రిటన్‌లో 2019లో ప్రధాని సలహా మీద రాణి పార్లమెంటును వాయిదా వేస్తే, అది చెల్లదని తీర్పిచ్చింది 11 మంది న్యాయమూర్తులు. కిరీటం ప్రజలను కాపాడుతుందనుకునేవారు ఆ తీర్పును చూడాలి. రాజు మంచిగా ఉన్నచోట ఆయనను మంచిగా ఉంచేది ఆయనకు పైన ఉన్న ఒక గ్రంథం. లేఖనం ఈ మాట ముందే చెప్పింది. ద్వితీయోపదేశకాండం 17లో రాజు గుర్రాలను, భార్యలను, వెండి బంగారాలను విస్తరింపజేసుకోకూడదు. ధర్మశాస్త్రాన్ని తన కోసం రాసుకుని రోజూ చదవాలి, సహోదరుల కంటే పైవాడినని గర్వించకూడదు. సౌలును ఎన్నుకున్న రోజున సమూయేలు రాజ్య పద్ధతిని గ్రంథంలో రాసి యెహోవా సన్నిధిలో ఉంచాడు (1 సమూ. 10:25). నాబోతు ద్రాక్షతోట అహాబు చేతికి పోయింది ఆ గ్రంథం అటకెక్కినప్పుడే.

నేపాల్ సంఘం మాటేమిటి? 2021 జనాభా లెక్కల్లో క్రైస్తవులు రెండు శాతం లోపే. పంచాయతీ రోజుల్లో అక్కడ మతం మారితే జైలు. 1990 మార్పు తర్వాతే ఆ ఖైదీలు విడుదలయ్యారు. అందుకే రాజు తిరిగి వస్తాడంటే అక్కడి సహోదరులకు భయం. ఆ భయాన్ని మనం తేలికగా తీసుకోం. కానీ 2015 రాజ్యాంగంలో మత మార్పిడిని నిషేధించిందీ, దానికి ఐదేళ్ల జైలు శిక్ష పెట్టిన చట్టాన్ని 2017లో తెచ్చిందీ ఎన్నికైన పార్టీల సభలే. మనకు అనుకూలమా కాదా అన్న ఒక్క తూనికతో రాజ్యాంగాలను తూచడం మొదలుపెడితే రాజుకూ రాళ్లు పడవు, పార్టీలకూ పడవు. నాబోతుకు న్యాయం జరుగుతుందా అన్నదే తూనిక. ఆ నాబోతు ఏ మతంవాడైనా సరే.

మన దగ్గరా పార్టీ పెద్దల బిడ్డలను అభిమానులు యువరాజులని పిలుచుకుంటారు. దాని మీద చాలామంది రాశారు. మేము రాయవలసింది మన ఆవరణలోని సంగతి. తెలుగునాట ఎన్నో స్వతంత్ర సంఘాల్లో పాస్టరుగారి తర్వాత పాస్టరుగారి అబ్బాయి. పిలుపు ఉన్న కొడుకులు ఉన్నారు, వారిని బట్టి దేవునికి స్తోత్రం. అయితే పిలుపు ఉందో లేదో చూసేదెవరు? మందిరం స్థలం ఎవరి పేరున ఉంది? కానుకల లెక్క ఎవరు చదువుతారు? ఇటు పెద్ద సంఘాల్లోనేమో ఎన్నికలంటే ప్యానెళ్లు, వర్గాలు, కోర్టు కేసులు. నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అన్న కొరింథు గొడవ. దాంతో విసిగినవారు ‘అయ్యగారొక్కరే చూసుకునే సంఘమే నయం’ అంటూ వెళ్లిపోతున్నారు. రామాకు పోయే దారి అదే.

సౌలు రాజైనప్పుడు సమూయేలు జనం ముందు నిలబడి తన లెక్క తానే అడిగాడు. ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పట్టానా అని. లేదని జనమంతా సాక్ష్యమిచ్చారు. ఆ ప్రసంగం మొదట్లో ఆయన తన కుమారులు మీ మధ్యనే ఉన్నారని ఒక్క మాట అన్నాడు (12:2). వారి లెక్క మాత్రం ఆయన చెప్పలేదు, జనమూ అడగలేదు.