పేరు కొండది, ఫలమెవరిది?

తెల్లవారుజామున నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కొరకు వేచి ఉండే ప్రయాణికునికి వేడి కాఫీ ఒక్కటే ఆసరా. ఆ కాఫీ ఏ కొండపై పండినదో, ఏ చేతులు కోసి తెచ్చినవో అతడు ఆలోచించడు. నల్లమల పాదసీమలో వరిమళ్లను, శనగచేలను చూచుచు పెరిగిన వారికి కాఫీ అనగానే కర్ణాటకలోని కొడగు, చిక్కమగళూరు ప్రాంతాలు స్ఫురించడం సహజం. కాని తెలుగునేలపై, తూర్పు కనుమలలోనే కాఫీ వేలాది గిరిజన కుటుంబాలకు జీవనాధారమై ఉన్నది.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు కొండలలో ఒకప్పుడు పోడు వ్యవసాయమే ప్రధానం. చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిద నేలలో చోళ్లు, సామలు చల్లుకొనేవారు. కొన్నేళ్లకు నేల సారం తరిగితే మరొక వాలుకు తరలేవారు. కాఫీ ఈ రీతిని మార్చింది. అరబికా రకపు మొక్క తీవ్రమైన ఎండకు ఓర్వదు. దానికి చల్లని వాతావరణం, నీరు నిలువని వాలు, పైన చెట్ల నీడ కావాలి. అందువల్ల సిల్వర్ ఓక్ చెట్లు పెంచి, వాటిపైకి మిరియపు తీగలు పాకించి, వాటి నీడన కాఫీ సాగు చేస్తున్నారు. చెట్టును కొట్టితేనే కూడు అన్న స్థితి పోయి, చెట్టును నిలిపితేనే ఆదాయం అన్న స్థితి వచ్చింది. ఇది సామాన్యమైన పరివర్తన కాదు.

2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం వెలసింది. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక సూచిక లభించింది. ఆళ్లగడ్డ శిల్పుల రాతి చెక్కడాలకు కూడా ఇట్టి గుర్తింపే ఉన్నది. ఒకచోట ఉలి, మరొకచోట పండు. రెండింటి వెనుకా తరతరాల శ్రమ ఉన్నది. అయితే సూచిక పేరును కాపాడుతుందే గాని, దానంతట అదే శ్రామికుని చేతికి గిట్టుబాటు ధర ఇవ్వదు.

కాఫీలో ఈ సత్యం మరింత స్పష్టం. ఎర్రగా పండిన పండ్లనే ఏరి చేతితో కోయాలి. కోసిన పండ్లను ఆలస్యం చేయక పైతొక్క తీసి, పులియబెట్టి, కడిగి, ఎండబెట్టాలి. సుమారు ఆరు కిలోల పండ్ల నుండి ఒక కిలో గింజలు మాత్రమే వస్తాయి. తరువాత వేయించి, పొడిచేసి, పొట్లాలలో నింపినప్పుడే దాని విలువ పెరుగుతుంది. అవసరం తరుముతుండగా పండ్లను దళారికి అప్పగించిన రైతుకు ఆ పెరిగిన విలువలో భాగం దక్కదు.

కొండపల్లెల రైతులు విపణి చిక్కులు ఎరుగరని, వారు పండిస్తే చాలునని కొందరి వాదం. అది సరికాదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈ కాఫీని కొని అమ్ముతున్నది; ఉమ్మడిగా నిలిస్తే దళారి బలం తగ్గుతుందనడానికి అదే నిదర్శనం. ఆ మార్గంలో మరొక అడుగు వేసి, పండ్లను శుద్ధిచేసే యంత్రాలు, వేయించే కేంద్రాలు పల్లెల చెంతనే నెలకొల్పి, వాటి నిర్వహణను గిరిజన యువతకు అప్పగించాలి.

ఒక జాగ్రత్త కూడా అవసరం. బ్రెజిల్‌లో వానలు తప్పితే ఇక్కడ ధర మారుతుంది. 2025లో అరకు తోటలలో కాయతొలుచు పురుగు కనిపించింది. కాఫీ ఒక్కదానినే నమ్మిన ఇంటికి ఇట్టి ఏడాది కష్టకాలమే. కనుక తోట పక్కన చోళ్ల చేను కూడా నిలవాలి.

కొండకు కీర్తి వచ్చింది. అందులో కొండవాని వాటా ఎంత అన్నదే ఇక మిగిలిన ప్రశ్న. నంద్యాలలో కాఫీ త్రాగేవానికీ ఆ ప్రశ్నతో సంబంధం ఉన్నది. తాను చెల్లించే రూపాయిలో పండించినవానికి చేరేదెంతో అడిగే కొనుగోలుదారుడు ఉన్ననాడే, ఆ గుర్తింపు కాగితంపై నుండి కొండవాకిటికి చేరుతుంది.