పసుపు లెక్క



డిచ్‌పల్లి ప్రాంతమున మాఘ ఫాల్గుణములందు బడికి పోవు దారి యంతయు ఉడుకు పసుపు వాసనయే. ఆ దినములలో మా హాజరుపట్టీలో ఖాళీలు పెరుగును. వానిని సోమరితనపు గుర్తులుగానే మేము చాలకాలము చూచితిమి.

ఒకయేట మూడవ తరగతి బాలిక యొకతె 10 దినముల పిమ్మట బడికి వచ్చెను. 20 కిలోల పసుపును నలుగురికి సమముగా పంచిన నొక్కొక్కరికి ఎంత వచ్చునని లెక్క యిచ్చితిమి. అందరును 5 అని వ్రాయగా ఆ పిల్ల 1 అని వ్రాసినది. తప్పు పెట్టి, బడి మానిన ఫలమిదియే యని పదిమందిలో నంటిమి.

పిల్ల యేడ్వలేదు. "పచ్చిదేనా టీచర్? ఉడకబెట్టి ఎండేస్తే నాలుగు కిలోలే అయితది గద!" అనెను.

నిత్యము కూరలో చిటికెడు పసుపు వేయుదుము గాని, పచ్చి దుంపలో నాలుగుపాళ్లు నీరై పోవునని మేమెన్నడు తలచితిమి? తొమ్మిది నెలలు పెంచి, త్రవ్వి, ఉడికించి, పక్షము దినములు కళ్లమున నెండబెట్టిన పిమ్మట మిగులునది ఆ యయిదవ వంతే. ఎండు కొమ్ములను మేకలు త్రొక్కకుండ కాచినది ఆ పిల్లయే యట. 2025లో జాతీయ పసుపు బోర్డు కార్యాలయము నిజామాబాదునకు వచ్చినది. ఆ లెక్క మాత్రము ఆమె కంతకు పూర్వమే తెలియును.

తప్పుగుర్తు కొట్టివైచి, మరునాడు నల్లబల్లపై ఆమెచేతనే ఆ లెక్క చెప్పించితిమి. హాజరుపట్టీలోని 10 ఖాళీలు మాత్రము అట్లే యున్నవి.