పడక దినముల లెక్క

రోగికి నయమగుట యెంత ముఖ్యమో, నయమైన పిమ్మట నొక్క దినమైనను వృథాగా నాసుపత్రిలో నుండకుండుటయు నంత ముఖ్యము. ఈ రెండవ విషయమును మన ప్రాంతమున నెవరును లెక్కింపకున్నారు.

కొల్లేటి లంకనుండి కూలివాడొకడు జ్వరముతో ఏలూరు పెద్దాసుపత్రికి వచ్చెనేని, తోడుగా మఱియొకరు రాక తప్పదు. పడకకు రుసుము లేకపోవచ్చును; కాని యిద్దఱి కూలియు బోవును, పట్టణమున తిండి కొనవలెను. ఇక ఆసుపత్రిలోనే యంటుకొను క్రొత్త జబ్బుల మాట వేఱుగ జెప్పనేల?

2020 డిసెంబరులో ఏలూరున నాఱువందలకు పైబడిన జనులు మూర్ఛలతో నాసుపత్రి పాలైరి. పెక్కుమంది త్వరలోనే కోలుకొని యిండ్లకు బోయిరి. లోపలివాడు వెడలినగాని వెలుపలివానికి తావులేని యట్టి దినములందు పడక విలువ యెల్లరకు దెలియును. తక్కిన దినములందో? సాయంకాలము వచ్చిన పరీక్షాఫలితమును మఱునాటి యుదయమునగాని చూడరు. పెద్దడాక్టరు సంతకమునకై యొక పూట, నడుమ నాదివారము వచ్చిన నొక దినము. ఇరువదినాలుగు గంటలు పడకపై నున్నగాని సొమ్మియ్యని బీమా నిబంధన లొకవైపు. ఇది వైద్యుని దుర్బుద్ధి యని మేమనము. తన రోగులు సగటున నెన్ని దినములున్నారో యాతనికే తెలియదు!

మా వృత్తిలో నట్లు కాదు. క్రింది కోర్టు న్యాయాధిపతి తాను పరిష్కరించిన వ్యాజ్యముల పట్టికను నెలనెల పైకి బంపవలెను. అప్పీలులో తన తీర్పు తలక్రిందైనచో నా సంగతియు నాతనికి దెలియును. వైద్యునికి మాత్రము, రోగి గడప దాటుటతో కథ సరి.

వైద్యులకు వారి పని ఫలితములనే తిరిగి చూపిన కలుగు మార్పును గూర్చి 140 పరిశోధనలను 2012లో కొక్రేను పండితులు సమీక్షించిరి. మార్పు సామాన్యముగ స్వల్పమే, నూటికి నాలుగు పాళ్లు. కాని మొదట వెనుకబడినవారియందును, సాటి వైద్యుడో పై వైద్యుడో పలుమాఱు, నోటితోను వ్రాతతోను దెలిపినచోటను, ఫల మధికమని తేలినది. పత్రికలకెక్కించి యవమానించుటకంటె నిదియే మేలు.

వర్షకాలమున లంకకు దారి లేనప్పుడు రోగిని రెండు దినములు నిలుపుట వృథా కాదు, వివేకము. త్వరపడి పంపివేయగా మరల వచ్చిన రోగులను గూడ లెక్కింపవలెను. లేకున్న నీ పట్టిక రోగులను వెడలగొట్టు సాధనమగును.

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రభుత్వాసుపత్రుల యభివృద్ధి సంఘములు మొదట జ్వరరోగుల వార్డున దీని నారంభింపవచ్చును. కావలసినది యొక గుమాస్తా, కొన్ని కాగితములు. రోగి వెడలిన తేదీ ప్రక్కనే వెడలదగియుండిన తేదీయు, నడుమ నాలస్యమునకు గారణమును వ్రాసి, నెలకొకసారి యా వైద్యుని చేతికే యిచ్చుడు.