మాంసం మీద వైరస్ చల్లుతారట!

‘ఫ్రిజ్‌లో పెట్టాంగా, ఏం కాదులే’ అనుకుంటాం. లిస్టీరియా దగ్గర ఆ ధీమా చెల్లదు. చాలా సూక్ష్మజీవులు చలికి ముడుచుకుపోతే ఈ బ్యాక్టీరియా 4 డిగ్రీల దగ్గర కూడా నింపాదిగా పెరుగుతుంది. గర్భిణులకు సోకితే కడుపులో బిడ్డకే ముప్పు.

2006లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీనికి ఒక వింత విరుగుడును అనుమతించింది. ఆరు రకాల వైరస్‌లు కలిపిన ద్రవం అది. మళ్లీ వండకుండా తినే మాంసం మీద, ప్యాక్ చేసేముందు పిచికారీ చేయాలి. ఈ వైరస్‌లను ఫేజ్‌లంటారు. ఫేజ్ తోకతో లిస్టీరియాను పట్టుకుని తన జన్యుపదార్థాన్ని లోపలికి ఎక్కిస్తుంది. ఇక ఆ కణం సొంత పని మానేసి వైరస్‌లు తయారుచేసే కార్ఖానా అయిపోతుంది. చివరికి గోడ పగిలి, పుట్టినవన్నీ పక్కవాటి మీద పడతాయి.

ఇవి మన కణాల జోలికి రావు. పెరుగును తోడుపెట్టే బ్యాక్టీరియాకూ ఈ ఫేజ్‌లతో భయం లేదు. (దానికి వేరే ఫేజ్‌లున్నాయి, చీజ్ తయారీదారులకు అవే తలనొప్పి.) ఒక్క రకమే వాడితే బ్యాక్టీరియా తప్పించుకోవడం నేర్చేస్తుంది, అందుకే ఆరు. అలాగని మాంసం కార్ఖానా కడగడం మానేస్తామంటే కుదరదు.

ఈ కథ మొదట్లో మన గంగ, యమునలున్నాయి. ఆ నీళ్లలో కలరా క్రిమిని చంపేదేదో ఉందని హాంకిన్ అనే శాస్త్రవేత్త 1896లోనే రాశాడు. బ్యాక్టీరియాను చంపే ఇలాంటి వాటికి బ్యాక్టీరియోఫేజ్ అని 1917లో పేరుపెట్టింది డెరెల్ అనే మరో శాస్త్రవేత్త.

ఈ సంచిక ముఖచిత్ర కథనం ఈ ఫేజ్‌ల గురించే. ప్రూఫులు దిద్దుతున్న మిత్రుడు మాత్రం రెండో పేజీకే చేతిలో చికెన్ రోల్ పక్కన పెట్టేశాడు.