ఆటకూ బడిలో చోటివ్వాలి

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసినప్పుడు అందరి చూపూ రమ్మీ యాప్‌ల మీదే పడింది. తెలంగాణకు ఆ నిషేధం కొత్త కాదు, 2017 నుంచీ ఉన్నదే. కానీ డబ్బాటలను మూసేసిన ఆ చట్టమే చదువుకు పనికొచ్చే ఆటలను ప్రోత్సహించాలనీ చెప్పింది. ఆ రెండో సగాన్ని అమలు చేయడంలో తెలంగాణ ముందుండాలి.

హైదరాబాద్ మధురానగర్ అపార్ట్‌మెంట్లలో మైన్‌క్రాఫ్ట్ ఆడే ఆరో తరగతి పిల్లను కాసేపు గమనించండి. రెండు మీటలూ వేస్తేనే కోట తలుపు తెరుచుకోవాలి, ఒక్కటే వేస్తే కదలకూడదు. అందుకోసం ఆ ఆటలో కరెంటు తీగలా పనిచేసే రెడ్‌స్టోన్ పొడిని గీతలా పరుస్తుంది, దివిటీలు నిలుపుతుంది, ఎక్కడ తెగిందో వెతికి, పడగొట్టి మళ్లీ కడుతుంది. అది యాండ్ గేట్. ఇంజినీరింగ్ కాలేజీలో బోర్డు మీద గీస్తే సగం క్లాసు ఆవలించే పాఠం! నాలుగడుగులు వేస్తే వచ్చే అమీర్‌పేటలో ఫీజు కట్టి నేర్చుకునే సాఫ్ట్‌వేర్ కోర్సులకూ పునాది ఇలాంటి తర్కమే.

పాపపుణ్యాలు చెప్పడానికి వైకుంఠపాళి పరిచిన వాళ్లకు ఆటతో చదువు వింతేమీ కాదు. అమెరికాలో 1971లోనే శిక్షణలో ఉన్న ఓ టీచరు చరిత్ర పాఠం కోసం మిత్రులతో కలిసి ‘ఒరెగాన్ ట్రయల్’ అనే కంప్యూటర్ ఆట తయారుచేశాడు.

తల్లిదండ్రుల భయం వట్టిది కాదు. ఆట వ్యసనాన్ని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతల జాబితాలో చేర్చింది. అయితే పిల్లల చేతికి ఎలాంటి ఆట ఇవ్వాలన్నది పూర్తిగా వ్యాపారులకే వదిలేస్తే ఆ భయం తగ్గదు.

రాష్ట్రం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ‘ఇమేజ్’ విధానం తెచ్చింది. మరుసటి ఏడాది రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన చేసింది. ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లోనే. మధురానగర్‌కు కొద్ది దూరంలోని ఫిల్మ్‌నగర్‌లో కథకులకూ గ్రాఫిక్స్ కళాకారులకూ కొదవ లేదు. అయినా 2017లో బాహుబలి పేరుతో వచ్చిన ఆటను చేసింది బెంగళూరు సంస్థ. ఇక బడి పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పిల్లలకు దక్కేది ఎక్కువగా వీడియో పాఠమే, చూస్తూ కూర్చోవడమే.

ఆ పుస్తకాలను రూపొందించే ఎస్‌సీఈఆర్‌టీ ఫిల్మ్‌నగర్ తలుపు తట్టాలి. మొదటి ఆటకు కాకతీయుల గొలుసుకట్టు చెరువులనే తీసుకోవచ్చు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. తూము ఎత్తే సమయం తప్పితే ఆయకట్టు ఎండుతుంది, కట్ట బలహీనపడితే గండి పడుతుంది. చరిత్ర, లెక్కలు, వ్యవసాయం అన్నీ అందులోనే ఉన్నాయి. ఆటలో ప్రకటనలు ఉండకూడదు, నాణేలు అమ్మకూడదు. నెట్ లేకున్నా బడి కంప్యూటర్‌లో నడవాలి, అరగంట కాగానే ఆగాలి. ముందు కొన్ని ప్రభుత్వ బడుల్లో టీచర్ల ఎదుట ఆడించి, పిల్లలకు పాఠం వచ్చిందని తేలాకే తయారీదారుకు మిగతా సొమ్ము చెల్లించాలి.