అమ్మతో యంత్రం ఎలా మాట్లాడాలి?

పూర్వ విద్యార్థులం ఎప్పుడు హాస్టల్‌కు వచ్చినా తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగేది ఒక్కటే: "అన్నా, ఏం చదివితే ఉద్యోగం వస్తుంది?" ఈసారి మేము, ఎవరూ పెద్దగా చెప్పని ఒక పని గురించి చెప్పదలచుకున్నాం. దాని పేరు కన్వర్జేషన్ డిజైన్. వాట్సాప్‌లో జవాబిచ్చే చాట్‌బాట్, అలెక్సా వంటి వాయిస్ అసిస్టెంట్ మనిషితో ఏం మాట్లాడాలో, ఎలా మాట్లాడాలో నిర్ణయించే పని.

ఇది ఇంజనీర్ల సొత్తు అంటే మేము ఒప్పుకోము. ఊళ్లో అమ్మానాన్నలకు దరఖాస్తులు నింపిందెవరు? బ్యాంకులో చీటీ రాసిచ్చిందెవరు? ఆఫీసు భాషను ఇంటి భాషలోకి, ఇంటి గోడును ఆఫీసు భాషలోకి మార్చడం మనకు చిన్నప్పటి నుంచే అలవాటు. ఈ ఉద్యోగంలో సగం పని అదే.

స్కాలర్‌షిప్ సంగతే తీసుకోండి. "డబ్బులు పడ్డాయాండీ?" అని ఒకరు, "పైసలు పడ్డయా?" అని ఒకరు, అనంతపురం వైపు "దుడ్లు పడినాయా?" అని ఇంకొకరు అడుగుతారు. మూడూ ఒకే ప్రశ్న అని యంత్రానికి నేర్పాలి. "ఉపకారవేతన మంజూరు స్థితి" అని ఏ తల్లీ అడగదు.

మాలో ఒకరి అమ్మ ఒక సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. యంత్రం వరసగా ఏడు అంకెలు చదివింది. ఆమె తన మాటలో తాను చెప్పుకుంది. "క్షమించండి, అర్థం కాలేదు" అని మూడుసార్లూ అదే మాట. ఫోన్ పెట్టేసి, "నాకే మాట్లాడటం రాదేమో" అన్నది. తప్పు ఆమెది కాదు. చెవితో వినేవారికి ఏడు అంకెలు గుర్తుండవు. మొదటిసారి అర్థం కాకపోతే రెండోసారి ప్రశ్న మార్చి అడగాలి, మూడోసారి మనిషికి కలపాలి. అది రాసినవారిలో అలాంటి ఇంట పుట్టినవారు ఒక్కరున్నా ఇలా జరిగేది కాదని మా అభిప్రాయం.

ఇంగ్లీషులో 'యూ' ఒక్కటే. తెలుగులో నువ్వా, మీరా తేల్చుకోవాలి. జీవితమంతా "ఏరా", "ఒసే" అనిపించుకున్న మనవాళ్లను యంత్రం "మీరు" అనాలా వద్దా అన్నది ఎవరో కూర్చొని తీసుకునే నిర్ణయం. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 161 సేవలతో 'మన మిత్ర'ను వాట్సాప్‌లో ప్రారంభించింది. అంటే ఆఫీసు కిటికీ ఫోన్‌లోకి వచ్చేసింది. ఆ కిటికీ వెనుక మాట మనది ఎందుకు కాకూడదు?

అయితే ఆశపెట్టి మోసం చేయలేం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఒక్కో వాక్యం చేత్తో రాసే అవసరం తగ్గింది. యంత్రమే వాక్యాలు అల్లుతోంది, తెలియనిది కూడా తెలిసినట్టే చెబుతోంది. కాబట్టి జవాబులు సరిచూడటం, ఏది చెప్పకూడదో నియమాలు రాయడం ఇప్పుడు ముఖ్యం. ఈ పేరుతో కొత్తవారికి నేరుగా వచ్చే ఉద్యోగాలు తక్కువే. కస్టమర్ సపోర్ట్, అనువాదం, టెస్టింగ్ దారిన లోపలికి వెళ్లాలి. ఇంగ్లీషు తప్పదు. గ్యారంటీ ఉద్యోగమనే కోచింగ్‌ల కోసం మాత్రం అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టకండి.

ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు. ఇద్దరు వీపులు ఆనించి కూర్చోండి. ఒకరు యంత్రం, కాగితంపై ఉన్నదే చదవాలి. మరొకరు బస్‌పాస్ కోసం అడిగేవారు. మనిషే యంత్రంలా నటించే ఈ పరీక్షను ఆ రంగంలో 'విజార్డ్ ఆఫ్ ఓజ్' అంటారు. మాట ఎక్కడ తెగిందో రాసుకొని, దిద్ది, మళ్లీ ఆడండి. ఇలాంటివి మూడు నాలుగు ఉంటే ఇంటర్వ్యూలో చూపించవచ్చు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు చదివి వినిపించండి. తర్వాత మాకు పంపండి, ఎర్ర పెన్ను పట్టుకొని సిద్ధంగా ఉంటాం.